వెంట్రుకలో మూడో వంతు

ఎస్పీ రోడ్డులో నూట ఎనభైకి బేరమాడి తెచ్చిన అల్యూమినియం ఉంగరం.
దాంతో కటకాన్ని తిరగేసి బిగిస్తే
దూరాలు చూసే కన్ను చత్వారం పోయి చంటిపిల్ల కన్నవుతుంది.
ఇక ఎదురు బాల్కనీ కనపడదు, ఆరేసిన బట్టలు కనపడవు,
మందార కేసరం మీద పుప్పొడి మాత్రం
పల్లేరుకాయలంత.

బానసవాడి. ఆదివారం ఆరుంపావు.
అపార్టుమెంటు గోడకీ జనరేటర్ గదికీ నడుమ
నాలుగడుగుల ఎర్రమట్టి.
మోచేతుల మీద బోర్లా పడుకున్నాను.
నలభై ఏడేళ్ళ మోకాళ్ళు ఏదో గొణుగుతున్నాయి.
ఫ్లాష్‌కి ముసుగు, అయ్యంగార్ బేకరీలో ఖారా బన్ను చుట్టిచ్చిన కాగితం.
నూనె మరక ఉన్నచోట వెలుగు కాస్త పచ్చగా పడుతుంది.
పడనీ.

ఎంత లోతు స్పష్టంగా వస్తుందో తెలియక
తలలోంచి ఒక వెంట్రుక పెరికి
చామంతి రేకు మీద ఏటవాలుగా వాల్చి తీశాను.
మూడో వంతే తేటగా వచ్చింది, మిగతాది పొగ.
ఆ మూడో వంతూ నెరిసి ఉంది.

అప్పటినుంచి నాకదే కొలత.
ఈగ కన్ను దొరికితే రెక్క జారిపోతుంది,
రెక్క దొరికేసరికి ఈగే ఉండదు.
ఇక గాలి.
బెంగళూరు గాలిని మెచ్చుకునేవాళ్ళెవరూ
గడ్డికాడ కొసన కూర్చున్న మిడతని ఫోటో తీసి ఉండరు.
ఊపిరి బిగబడితే
నా గుండె కొట్టుకోవడమే తెరమీద పువ్వు ఊగడమై కనిపిస్తుంది.
రెండు వందల పదమూడు తీశాను. నాలుగు మిగిలాయి.
అందులో ఒకటి నా గోరు.

గెంతుడు సాలీడు ఒకటి
ఎనిమిది కళ్ళలో ముందరి రెండూ నా మీదికి తిప్పింది.
గాజులో దానికి ఇంకో సాలీడు కనపడిందో ఏమో
ముంగాళ్ళు ఎత్తి, సిద్ధంగా నిలబడింది.
నేనే వెనక్కి జరిగాను.

"ఏం మేడం, ఏం పారేసుకున్న్యావు?"
మునిలక్ష్మమ్మ. మాలూరు తెలుగు. చేతిలో వేపనూనె సీసా.
తెర తిప్పి చూపించాను:
చామంతి మొగ్గ మెడ మీద పేనుబంక,
ఆకుపచ్చ గాజుపూసలాంటి తల్లి,
ఎదురుకాళ్ళతో దిగుతున్న పిల్ల.
ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.
"కంటా ఉండాది," అంది.
సీసా మూతిని పక్క తొట్టివైపు తిప్పింది.

పై ఆదివారానికి ఆ చామంతి మెడ వాల్చేసింది.
ఆకుల మీద జిగురు, కాడ పొడుగునా చీమల బారు,
సెక్రటరీ బాలిగా గారికి కన్నడంలో కోపం.
ఇద్దరం తలలు వంచుకు నిలబడ్డాం.
ఆయన వెళ్ళాక తనే కొట్టింది మందు,
నావైపు చూడకుండా.
"చూస్తే చెయ్యి రాదు మేడం. చూడకుండా కొట్టాల."

ఆ ఫోటో చెరిపెయ్యలేదు.
ఎవరికీ చూపించనూ లేదు.

నిన్న బొటనవేలు పట్టుకుని వచ్చింది.
గులాబీ ముల్లు. మూడు దినాలాయె, కంటికి ఆనదు.
మెట్టు మీద కూర్చోబెట్టి కటకం దించాను.
వేలి గీతల సందుల్లో ఎర్రమన్ను,
ఎన్ని సబ్బులు కరిగినా కరగనిది,
దాని అడుగున నల్లగా ఒక మొన.
గాలి లేదు.
తను ఊపిరి బిగబట్టింది, నేనూ.
పిన్నీసుతో లాగేశాను.

లాగేముందు ఒక్కసారి నొక్కాను.
ఈ మూడు నెలల్లో
కావలసింది కావలసినచోట తేటగా వచ్చింది అదొక్కటే.

పెద్దది చేయించుకుని చూసి
"థూ, ఇంత మన్నా!" అంది,
వేలిని కొంగుకి తుడుచుకుంటూ.